అమ్మ గొంతు మేడమీదే ఉండిపోయింది!

"ఏమే, అమ్మ పాటలన్నీ నీ దగ్గరున్నాయన్నావుగా! ఒక్కసారి వినిపించవే..."

రాత్రి భోజనాలయ్యాక వక్కపొడి నోట్లో వేసుకుంటూ అక్క అడిగింది. నాగపూర్ నుంచి రెండేళ్ళ తర్వాత వచ్చింది. ఉండేది రెండ్రోజులు. తెల్లారితే విజయవాడ వెళ్ళి రైలెక్కాలి. అమ్మ పోయాక ఆవిడ గొంతు అక్క ఒక్కసారి కూడా వినలేదు.

"ఓస్, అదెంతసేపు!" అంటూ ఫోన్ తీశాను. వంట చేసుకుంటూ తరచూ వినే పాటలే కదా! ఆప్ నొక్కాను. చక్రం తిరిగింది... తిరిగింది... చివరికి 'కనెక్ట్ కాలేదు' అన్నమాట వచ్చి కూర్చుంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే.

నా గుండె ఝల్లుమంది. ఎందుకంటే అమ్మ పాడిన మంగళహారతులు, చెప్పిన కథలు, ఆవకాయ కొలతలు అన్నీ కలిపి పద్నాలుగు క్యాసెట్లు. తమ్ముడు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాక, బూజు పట్టిన ఆ క్యాసెట్లను నేనే పారేశాను. ఇప్పుడున్నది ఒక్కటే ప్రతి. అదీ మేడమీద గదిలోని పాత కంప్యూటర్‌లో. మావారు దాన్ని 'సర్వర్' అంటారు. నా దృష్టిలో అది మా ఇంటి సామాన్ల గది. పెళ్ళి ఫోటోలు, పిల్లాడి మార్కుల జాబితాలు, ఇంటి పన్ను రసీదులు, అమ్మ గొంతు... అన్నీ అందులోనే. వైఫై ఉంటే చాలు, వంటింట్లోంచే ఫోన్‌లో తీసుకోవచ్చు.

మావారేమో ఆఫీసు పనిమీద విశాఖ వెళ్తూ రైల్లో ఉన్నారు. ఫోన్ అందడం లేదు. పుణెలో ఉన్న తమ్ముడికి చేశాను.

"చిన్నక్కా, కంగారుపడకు. మేడమీద ట్యాంకు నిండా నీళ్ళున్నా వంటింటి పంపులో రావడం లేదనుకో. ట్యాంకు పగిలిందనుకుంటావా? ముందు వాల్వు చూస్తావా?"

"వాల్వే చూస్తాను."

"ఇదీ అంతే. ఒక్కొక్కటే చూసుకుంటూ రా. నిన్నా మొన్నా ఇంట్లో ఏదైనా మార్చారా?"

అప్పుడు గుర్తొచ్చింది. ముందురోజే ఇంటర్నెట్ వాళ్ళు వచ్చి పాత రౌటర్ పెట్టె తీసేసి కొత్తది బిగించి వెళ్ళారు. "దొరికింది దొంగ!" అన్నాడు వాడు. కానీ ఆ ఒక్క దొంగ మూడు చోట్ల చెయ్యి పెట్టాడని తెలియడానికి నాకు గంటన్నర పట్టింది.

మేలుకునే ఉందా?

మొదట మేడెక్కాను. కంప్యూటర్ తెర నల్లగా ఉంది. కీ నొక్కితే వెలిగింది. అమ్మ ఫోల్డర్ తెరిచి చూశాను. పద్నాలుగూ ఉన్నాయి. హమ్మయ్య! సగం భయం అక్కడే పోయింది. సరుకు క్షేమం, దారే మూసుకుపోయింది.

కాసేపు వాడకపోతే నిద్రపోవడం కంప్యూటర్లకు అలవాటు. నిద్రలో ఉన్నది తలుపు తీయదు. ఇల్లంతా వాడుకునే కంప్యూటరైతే సెట్టింగ్స్‌లో 'స్లీప్' అన్నచోట 'నెవర్' పెట్టుకోవాలి. నేనూ అలా మార్చి ఫోన్ చూశాను. ఊహూఁ, రాలేదు.

ఇద్దరూ ఒకే వీధిలో ఉన్నారా?

"నీ ఫోన్ ఏ వైఫైలో ఉందో చూడు" అన్నాడు తమ్ముడు. చూస్తే, మా ఇంటి పేరు పక్కన 'గెస్ట్' అని ఉంది! రౌటర్ మార్చిన అబ్బాయి నా ఫోన్‌లో మొదట కనిపించిన పేరు నొక్కి వెళ్ళినట్టున్నాడు.

గెస్ట్ వైఫై అంటే వచ్చిపోయేవాళ్ళను వరండాలో కూర్చోబెట్టడం లాంటిది. ఇంటర్నెట్ వస్తుంది, వీడియోలు ఆడతాయి. కానీ ఇంట్లోని మిగతా కంప్యూటర్ల వైపు వెళ్ళనివ్వదు. అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఇంటి యజమానురాలినైన నేను నిన్నటి నుంచి వరండాలోనే ఉన్నానన్నమాట! అసలు వైఫైలోకి మారాను. ఫోన్‌లో మొబైల్ డేటా మాత్రమే ఉన్నా, వీపీఎన్ ఆప్ నడుస్తున్నా కూడా ఇలాంటి చిక్కే రావచ్చు. అవి కూడా చూసుకోవాలి.

చిరునామా మారింది

అయినా రాలేదు. ఇంట్లోని ప్రతి పరికరానికీ రౌటర్ ఓ నంబరు ఇస్తుంది. దాన్నే ఐపీ అడ్రస్ అంటారు. నా ఫోన్‌లోని ఆప్ పాత నంబరుకే వెళ్ళి తలుపు కొడుతోంది. అది 192.168.1.5. కంప్యూటర్‌లో సెట్టింగ్స్‌కి వెళ్ళి, 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్'లో వైఫై వివరాలు తెరిస్తే కింద 'ఐపీవీ4 అడ్రస్' దగ్గర 192.168.0.12 అని ఉంది. కొత్త పెట్టె కొత్త నంబరు ఇచ్చింది! ఇల్లు మారినవాళ్ళకి పాత చిరునామాకు ఉత్తరం రాస్తే ఎలా అందుతుంది?

ఫోన్‌కీ ఇలాంటి నంబరే ఉంటుంది. మామూలు ఇళ్ళలో రెండింటికీ మొదటి మూడు భాగాలూ ఒకటైతే ఒకే వీధిలో ఉన్నట్టు లెక్క. మావి కలిశాయి. ఆప్‌లో కొత్త నంబరు కొట్టాను.

ఈ నంబరు అప్పుడప్పుడూ దానంతటదే మారుతుంటుంది. అలా మారకుండా రౌటర్ సెట్టింగ్స్‌లో 'అడ్రస్ రిజర్వేషన్' అని ఒకటుంటుంది. 'ఈ కంప్యూటర్‌కి ఎప్పుడూ ఈ నంబరే' అని రాసిపెట్టడమన్నమాట. ఆ పని మర్నాడు చేయించుకున్నాను.

తలుపు వేసింది ఎవరు?

కొత్త నంబరుతో కూడా చక్రం తిరిగి తిరిగి ఆగిపోయింది. ఈసారి తప్పు విండోస్‌ది. అది తప్పు కూడా కాదు, జాగ్రత్త! కొత్త వైఫై కనిపించగానే ఇది రైల్వేస్టేషనో, హోటలో అనుకుని 'పబ్లిక్' అని పేరు పెట్టుకుంది. పబ్లిక్ అంటే ఎవరినీ దగ్గరకు రానివ్వకుండా ఫైర్‌వాల్ తలుపులు బిగించుకుంటుంది. మన ఇంటి వైఫైకి దాన్ని 'ప్రైవేట్' అని మార్చాలి. అదే వైఫై వివరాల పేజీలోనే ఉంది.

మార్చిన మరుక్షణం ఫోన్‌లో చక్రం ఆగి, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగింది. "తలుపు తీశారే!" అని కేక పెట్టాను. అక్క పైకి పరిగెత్తుకొచ్చింది.

పిన్ కాదు, పాస్‌వర్డ్

కంప్యూటర్ తెరిచేటప్పుడు కొట్టే నాలుగంకెలు కొట్టాను. తప్పంది. "అది పిన్, చిన్నక్కా. కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళకే పనికొస్తుంది. బయటనుంచి వచ్చేవాళ్ళకి పాస్‌వర్డ్ కావాలి" అన్నాడు తమ్ముడు. ఇంటివాళ్ళ కోసం మావారు విడిగా ఒక ఖాతా చేశారు. నా ఫోన్‌లో ఆయనే ఎప్పుడో కొట్టి పెట్టారు. అది పాత చిరునామాతోపాటే పోయింది. పాస్‌వర్డేమిటో ఆయనొక్కరికే తెలుసు.

పదిన్నరకి ఆయన ఫోన్ దొరికింది.

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదండీ?"

"నువ్వెప్పుడడిగావు?"

ఇద్దరం ఓ నిమిషం మాట్లాడలేదు. నిజమే, నేనడగలేదు. గ్యాస్ బుక్ చేయడం, పాల లెక్క, పిల్లాడి ఫీజులు నావి. కంప్యూటర్ ఆయనది. అడగకపోవడం ఒకరి తప్పు, చెప్పకపోవడం ఇంకొకరి తప్పు. కానీ ఆ రాత్రి ఆయన ఫోన్ దొరక్కపోతే? అసలు ఎప్పటికీ దొరకని రోజంటూ వస్తే? మనసు అటు పోనివ్వలేదు గానీ, ప్రశ్న మాత్రం అక్కడే ఉండిపోయింది.

పాస్‌వర్డ్ కొట్టాను. అమ్మ ఫోల్డర్ తెరుచుకుంది. మొదటి క్యాసెట్టు.

"రికార్డవుతోందిట్రా? ఆ ఎర్ర లైటు వెలిగితే అయినట్టేనా? మరి చెప్పవేం!"

పాట కాదు, ముందు ఆ కేక! అక్క ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఇవి మాత్రం చెయ్యకండి

ఇలా తంటాలు పడుతున్నప్పుడు ఎవరో ఒకరు 'ఫైర్‌వాల్ తీసెయ్, పాస్‌వర్డే వద్దని పెట్టెయ్, ఎస్‌ఎంబీ1 ఆన్ చెయ్' అని సలహా ఇస్తారు. వినకండి. ఎస్‌ఎంబీ అంటే కంప్యూటర్లు ఫైళ్ళు ఇచ్చిపుచ్చుకునే భాష. అందులో మొదటి రకం బాగా పాతది. 2017 మేలో ప్రపంచాన్ని హడలెత్తించిన వాన్నాక్రై వైరస్ దాని లోపంలోంచే దూరింది. బ్రిటన్‌లో ఆస్పత్రులు అల్లాడాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుశాఖ కంప్యూటర్లూ కొన్ని దాని బారిన పడ్డాయి. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని మెల్లగా పక్కన పెట్టడం మొదలుపెట్టింది. మీ ఫోన్‌లోని ఆప్ ఆ పాత రకమే కావాలంటే, మార్చాల్సింది ఆప్‌ని. తలుపు పీకేయక్కర్లేదు.

విండోస్ కాకుండా లైనక్స్ ఉన్నా భయం లేదు. దానికీ ఆ భాష నేర్పే సాఫ్ట్‌వేర్ ఉంది, పేరు సాంబా! మన సాంబయ్యకీ సాంబారుకీ సంబంధం లేదు లెండి. ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ దాన్ని రాశారు. ఎస్, ఎం, బీ అక్షరాలు వరసగా వచ్చే మాట కోసం నిఘంటువు వెతికితే ఆ పేరు దొరికిందట.

ఐఫోన్ ఉన్నవాళ్ళకి వేరే ఆప్ కూడా అక్కర్లేదు. 2019లో వచ్చిన ఐఓఎస్ 13 నుంచి 'ఫైల్స్' ఆప్‌లోనే 'కనెక్ట్ టు సర్వర్' ఉంది. మూడు చుక్కలు నొక్కితే కనిపిస్తుంది. అందులో కంప్యూటర్ నంబరు, పేరు, పాస్‌వర్డ్ కొడితే సరి. అక్క ఫోన్‌లో అలాగే పెట్టాను. రెండు నిమిషాల పని.

బీరువాలో ఓ కాగితం

మర్నాడు మావారు రాగానే కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. కంప్యూటర్ నంబరు, ఖాతా పేరు, పాస్‌వర్డ్, రౌటర్ పాస్‌వర్డ్, ఏ ఫోల్డర్‌లో ఏముందో... అన్నీ ఆయన చెబుతుంటే నేనే రాశాను. అది ఇప్పుడు బీరువాలో పాస్‌పుస్తకాల పక్కన ఉంది. మీ ఇంట్లో అలాంటి కాగితం లేకపోతే ఈ ఆదివారమే రాయించుకోండి. ఇందులో మొహమాటమేముంది? తాళాలగుత్తి ఒక్కరి దగ్గరే ఉంటే అవసరానికి ఇంట్లో మిగతావాళ్ళంతా బయట నిలబడాల్సిందే!

ఇంకోమాట. ఫోన్‌లో కనిపిస్తోంది, కంప్యూటర్‌లో కనిపిస్తోంది కాబట్టి రెండు ప్రతులున్నాయనుకోకండి. ఉన్నది కంప్యూటర్‌లోని ఒక్కటే, ఫోన్ దానికి కిటికీ మాత్రమే. ఆ హార్డ్‌డిస్కు పోతే రెండుచోట్లా పోయినట్టే. ఈ సంగతి ఆ రాత్రే మా తమ్ముడు గట్టిగా చెప్పాడు.

అందుకే తెల్లవారుజామున అక్క సామాను సర్దుకుంటుంటే, నేను మేడమీద కూర్చుని పద్నాలుగు క్యాసెట్లనూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. ఆవకాయ జాడీ, పూతరేకుల డబ్బా సర్దాక, పెన్‌డ్రైవ్‌ని మాత్రం అక్క తన హ్యాండ్‌బ్యాగ్‌లో, టికెట్టు పక్కన పెట్టుకుంది.

ఇప్పుడు అమ్మ గొంతు తెనాలిలోనూ ఉంది, నాగపూర్‌లోనూ ఉంది. పుణెకి కూడా ఒకటి పంపాలి.