ఎడ్లబండ్ల మీద విత్తనాల ఊరేగింపు

సంక్రాంతి వచ్చిందంటే జహీరాబాద్ పల్లెల్లో ఎడ్లబండ్లు ముస్తాబవుతాయి. జొన్న, కొర్ర, సామ, కంది, పెసర విత్తనాలు వాటిమీద ఊరేగుతాయి.

ఇదే పాత పంటల జాతర. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థకు చెందిన మహిళా సంఘాలు జరిపే ఈ జాతర దాదాపు నెలపాటు ఊరూరా తిరుగుతుంది. సంఘాల్లో ఎక్కువమంది చిన్న కమతాలున్న దళిత మహిళలే. బండి ఆగిన చోటల్లా డప్పులు, పాటలు, ఆపై అసలు చర్చ: ఏ విత్తనం మిగిలింది, వాన ముఖం చాటేస్తే ఏ పంట నిలిచింది? ఒకే చేలో ఎన్నో రకాలు కలిపి వేస్తారు. ఒకటి ఎండినా ఇంకొకటి కంచంలోకి వస్తుంది. మెట్ట రైతుకు ఇంతకంటే నమ్మకమైన పంట బీమా లేదు.

2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ పురస్కారం దక్కింది.

విత్తనం చేతులు మారడానికీ ఇక్కడ ఓ పద్ధతి ఉంది: సంఘం దగ్గర విత్తనం తీసుకున్నవాళ్లు పంట చేతికొచ్చాక మరికొంత కలిపి గింజలే తిరిగివ్వాలి.