మందుల ధరలు – ప్రజల ప్రాణములు

బియ్యము ప్రియమైనచో జొన్నలతో కాలము గడుపవచ్చును. బట్ట ప్రియమైనచో పాతది కట్టుకొనవచ్చును. మందు ప్రియమైనచో మానుకొనుట ప్రాణమునకే ముప్పు. రోగికి బేరమాడు శక్తి లేదు. కావున మందుల వర్తకమును తక్కిన వర్తకములతో సమానముగా నెంచుట న్యాయము కాదని మా యభిప్రాయము. రైతు తాను పండించిన ధాన్యమునకు తాను ధర చెప్పజాలడు. పేటెంటు గల కంపెనీ మాత్రము తన మాత్రకు తానే ధర కట్టుచున్నది.

ధరల హెచ్చునకు మొదటి కారణమీ పేటెంటు హక్కే. క్రొత్త మందు కనిపెట్టినవారు 20 సంవత్సరములపాటు దాని నితరులు తయారుచేయకుండ నడ్డుకొనవచ్చును. పరిశోధనకు వ్యయమగుననియు, ప్రతిఫలము లేనిచో నెవరును పూనుకొనరనియు కంపెనీలు చెప్పు మాటలో సత్యము లేకపోలేదు. కాని ప్రతిఫలమునకు మేర యుండవలదా? మూత్రపిండముల కాన్సరునకును కాలేయపు కాన్సరునకును వాడు నెక్సావారను మందునకు బేయర్ కంపెనీ మన దేశమున నెలకు 2,80,000 రూపాయలకు పైగా పుచ్చుకొనుచుండెను. 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలరు హైదరాబాదునందలి నాట్కో కంపెనీకి నిర్బంధ లైసెన్సు నొసగి, ఆ మందునే నెలకు 8,880 రూపాయలకు మించకుండ నమ్మవలెననియు, అమ్మకముపై నూటికి 6 వంతున బేయరునకు రాయల్టీ చెల్లింపవలెననియు నుత్తరువు చేసెను. రాయల్టీ తరువాత 7 వంతులైనది. బేయరు సుప్రీముకోర్టు వరకు పోయినను లైసెన్సు నిలిచెను. హక్కుదారునకు ప్రతిఫలము దక్కినది; రోగికి మందును దక్కినది. రెండును పొసగవను వాద మిచట నిలువలేదు.

ఈ మార్గము మనకు క్రొత్తది కాదు. 1911 నాటి చట్టము క్రింద విదేశీ కంపెనీలే మన మందుల విపణి నేలుచుండెను. 1959లో అయ్యంగారు నివేదిక యీ దుస్థితిని విప్పి చెప్పగా, 1970 నాటి చట్టము మందులకు పేటెంటు నిరాకరించి, తయారుచేయు పద్ధతికి మాత్రమే యనుమతించెను. అది 1972లో నమలులోనికి వచ్చెను. ప్రభుత్వము 1961లో స్థాపించిన ఐ.డి.పి.ఎల్. సంస్థయొక్క హైదరాబాదు కర్మాగారము పలువురు నిపుణులకు విద్యాలయమయ్యెను. ఆ నగరము మందుల ముడిసరకులకు గొప్ప కేంద్రమగుటకు మూలమిదియే. ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనలను బట్టి 2005 జనవరి 1 నుండి మందులకు మరల పేటెంటు వచ్చెను. ఐనను పాతమందునకు స్వల్పమార్పు చేసి హక్కును పొడిగించుకొనుట నరికట్టు 3(డి) సెక్షను మనకు మిగిలినది. గ్లీవెక్ వ్యాజ్యమున 2013లో సుప్రీముకోర్టు దానిని నిలబెట్టెను.

రెండవ కారణము పేర్ల మాయ. పేటెంటు తీరిన మందైనను పదుల పేర్లతో, పదుల ధరలతో అమ్ముడగుచున్నది. వైద్యుడు పేరు వ్రాయును. అంగడివాడు, వైద్యుని సమ్మతి లేనిదే, మార్చి యీయరాదు. వెల చెల్లించువాడు మాత్రము రోగి. ఎన్నుకొనువా డొకడు, చెల్లించువాడు వేరొకడైనచోట పోటీవలన ధర తగ్గునా? మందుల యసలు పేర్లనే వ్రాయవలెనని 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషను నియమము చేసి, ఆ నెలలోనే నిలిపివేసెను.

మూడవది ధరల నియంత్రణమునందలి లోపము. 1995 నాటి యుత్తరువు తయారీ ఖర్చును బట్టి ధర కట్టెను. 2013 నాటిది అంగడి ధరల సగటును బట్టి కట్టుచున్నది. హెచ్చు ధరలకు సగటు కట్టినచో పరిమితియు హెచ్చేయగును. పట్టికలో చేరని మందుల ధరను ఏటేట నూటికి 10 వరకు పెంచుకొనుటకు కంపెనీలకు స్వేచ్ఛ గలదు.

ఇక కర్తవ్యమేమి? అత్యవసరమైన మందులకు ధర మరల తయారీ ఖర్చును బట్టియే కట్టవలెను. నిర్బంధ లైసెన్సును బీరువాలో దాచిన ఆయుధముగాక, అవసరమైనప్పుడు వాడు సాధనముగా నుంచవలెను. తమిళనాడు 1994లో ప్రత్యేక కార్పొరేషను స్థాపించి, మందులను టెండర్లపై మొత్తముగా కొని, నాణ్యము పరీక్షించి, ఆసుపత్రుల కందించు పద్ధతి నెలకొల్పెను. 2011లో రాజస్థానమును ఇట్టి మార్గముననే ఉచితముగా మందులీయ నారంభించెను. మన యుభయ తెలుగు రాష్ట్రములును ఈ పని నింతకంటె దక్షతతో చేయవలెను. జన ఔషధి అంగళ్లు గ్రామములకు చేరవలెను. నాణ్యపరీక్ష కఠినముగా నుండవలెను. చవుక మందు నాసిరకమను శంక తీరనిదే వైద్యుడును వ్రాయడు, రోగియు కొనడు.

పాఠకులును ఊరకుండరాదు. చీటీపై మందు అసలు పేరు వ్రాయుమని వైద్యుని వినయముగా కోరుడు. శాసనసభ్యుడు మీ యూరికి వచ్చినప్పుడు సర్కారాసుపత్రిలో మందు లేల లేవని యడుగుడు. ప్రపంచమునకు చవుకగా మందులు పంపు తెలుగునేలపై, మందు కొనుటకు పొలము తాకట్టు పెట్టు కుటుంబ మొక్కటియున్నను అది మనకందరకు తలవంపు.