గర్భసంచి తీశాక కూడా తగ్గని మంట

హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి 2000 జూన్‌లో ప్రారంభమైంది. క్యాన్సర్‌తో భార్యను పోగొట్టుకున్న ఎన్టీ రామారావు సంకల్పానికి అమెరికాలోని తెలుగు వైద్యుల చేయూత తోడై అది నిలబడింది. క్యాన్సర్ భయం ఉత్తది కాదని చెప్పడానికి ఆ భవనం చాలు. కానీ ఆ భయమే మన ఆడవాళ్లకు రెండు విధాలుగా చేటు చేస్తోంది. అక్కర్లేని ఆపరేషన్‌కు వాళ్లను ఒప్పిస్తోంది, ఆ తర్వాత కావలసిన మందుకు దూరం చేస్తోంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకైతే, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 8 శాతం పైనే. పెద్ద గడ్డలు, మందులకు లొంగని రక్తస్రావం, క్యాన్సర్ ఉన్నప్పుడు ఈ ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది, కాదనలేం. తెల్లబట్టకో నడుంనొప్పికో "పిల్లలు పుట్టేశారుగా, ఉంచితే క్యాన్సరవుతుంది" అని తీసేయడమే అన్యాయం. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌ను ముందే పసిగట్టడానికి పాప్ పరీక్ష, హెచ్‌పీవీ పరీక్ష ఉన్నాయి. ఇలాంటి అనవసర ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయమని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది.

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే, ముప్పై అయిదేళ్ల మనిషికైనా మెనోపాజ్ ఆ రోజే వచ్చేస్తుంది. అండాశయాలు ఉంచినా కొందరికి అది ముందుగానే వస్తుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి గురించి ఎవరో ఒకరితో చెప్పుకుంటారు గానీ మూత్రంలో మంట గురించి నోరు విప్పరు. మెనోపాజ్‌తో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గితే యోనిలోని, మూత్రనాళంలోని పొర పలచబడుతుంది, మేలు చేసే లాక్టోబాసిల్లై తగ్గిపోతాయి, ఆ చోటు పేగుల్లోంచి వచ్చే ఇ.కోలైకి అనువవుతుంది. అందుకే మందులషాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్‌తో తగ్గిన మంట కొన్నాళ్లకే తిరగబెడుతుంది. సగం కోర్సుతో ఆపేస్తే మందులకు లొంగని క్రిములు మిగలవచ్చు. మాటిమాటికీ వచ్చే ఇన్ఫెక్షన్‌కు మూత్రం కల్చర్ పరీక్ష తప్పనిసరి. మెనోపాజ్ దాటినవారికి యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ బాగా పనిచేస్తుంది. 1993లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఆ క్రీమ్ వాడినవారికి ఏడాదికి సగటున 0.5 సార్లు ఇన్ఫెక్షన్ వస్తే, వాడనివారికి 5.9 సార్లు వచ్చింది.

"హార్మోన్లు వాడితే రొమ్ము క్యాన్సర్ వస్తుంది కదా" అనే ప్రశ్న న్యాయమైనదే. 2002 నాటి అమెరికా అధ్యయనంలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ మాత్రలు కలిపి వాడినవారిలో రొమ్ము క్యాన్సర్ కొంత పెరిగింది. అయితే వారి సగటు వయసు 63. గర్భసంచి లేనివారికి ప్రొజెస్టిన్ అవసరం లేదు. అదే అధ్యయనంలో ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడిన అలాంటి స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. ఇక క్రీమ్ నుంచి రక్తంలోకి చేరే హార్మోన్ చాలా తక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, రక్తం గడ్డకట్టే జబ్బున్నవారు మాత్రం ఏ హార్మోనైనా డాక్టరుతో మాట్లాడాకే వాడాలి. నలభై అయిదేళ్ల లోపే అండాశయాలు పోగొట్టుకున్నవారి విషయం వేరు. ఎముకల కోసం, గుండె కోసం వారికి సహజ మెనోపాజ్ వయసు దాకా హార్మోన్లు ఇవ్వాలనే వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ మాట మన ఊళ్లలో ఆపరేషన్ చేయించుకున్న చాలామంది చెవిన పడనే లేదు.

విదేశాల్లో ఉన్న కొడుకులకూ కూతుళ్లకూ ఒక మనవి. ఈసారి అమ్మతోనో అత్తయ్యతోనో మాట్లాడినప్పుడు ఆపరేషన్ ఏ వయసులో జరిగింది, అండాశయాలు ఉంచారా తీశారా అని అడగండి. అప్పటి డిశ్చార్జి కాగితం వెతికించి, గైనకాలజిస్టుకు చూపించండి.