స్వామికార్యమా, స్వకార్యమా?

పిల్లలూ! మన ఖరగ్‌పూర్ మీదుగా ఎగిరే యుద్ధవిమానాలు పక్కనే ఉన్న కలైకుండా వైమానిక స్థావరానివని మీకు తెలుసు. 1971లో తూర్పు పాకిస్తాన్‌లో జరిగిన పోరాటంలో ఆ స్థావరానికీ పాత్ర ఉంది. ఆ యుద్ధంతోనే బంగ్లాదేశ్ పుట్టింది. దాని ప్రస్తావన వచ్చినప్పుడల్లా, ఏ ఊరి బడిలోనైనా, మాకు ఒకే ప్రశ్న ఎదురవుతుంది: భారతదేశం జాలితో వెళ్లిందా, లాభం చూసుకుని వెళ్లిందా?

ముందు జరిగింది చూద్దాం. 1970 డిసెంబరు ఎన్నికల్లో షేక్ ముజిబుర్ రెహమాన్ నాయకత్వంలోని అవామీ లీగ్ గెలిచింది. సైనిక పాలకులు అధికారం అప్పగించలేదు. 1971 మార్చి 25 రాత్రి ఢాకాలో సైన్యం సొంత ప్రజల మీదే విరుచుకుపడింది. ఆ ఏడాదిలోనే సుమారు కోటిమంది సరిహద్దు దాటి మన దేశానికి వచ్చారు. ఎక్కువమంది తలదాచుకున్నది పశ్చిమ బెంగాల్‌లోనే. చోటు చాలక కొందరు కలకత్తా సాల్ట్ లేక్‌లో పెద్ద సిమెంటు గొట్టాల్లో కాపురముండేవారు. శిబిరాల్లో కలరా ప్రబలింది.

కళ్లెదుటి ఈ కష్టం మొదటి కారణం. కోటిమందికి తిండి, మందులు సమకూర్చే భారం, వాళ్లు ఇక్కడే ఉండిపోతారేమోనన్న బెంగ రెండో కారణం. పాకిస్తాన్ రెండుగా చీలితే మనకు తూర్పువైపు ముప్పు తప్పుతుందన్న లెక్క మూడోది.

లెక్క లేదనలేం. భారత్ ముక్తివాహినికి శిక్షణ, ఆయుధాలు ఇచ్చింది. ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదుర్చుకుంది. వానలు తగ్గేదాకా, హిమాలయ కనుమల్లో మంచు పడి చైనా బెడద తగ్గేదాకా ఆగింది. ఈలోగా ప్రధాని ఇందిరాగాంధీ పశ్చిమ దేశాలు తిరిగి పరిస్థితి వివరించారు. డిసెంబరు 3న పాకిస్తాన్ మన పశ్చిమ ప్రాంత విమానస్థావరాలపై దాడి చేయడంతో పూర్తిస్థాయి యుద్ధం మొదలైంది. డిసెంబరు 16న ఢాకాలో పాక్ సేనలు లొంగిపోయాయి.

అయితే ప్రపంచమంతా మెచ్చుకోలేదు. డిసెంబరు 7న ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభలో 104 దేశాలు పోరు ఆపి, సేనలను వెనక్కి రప్పించాలన్నాయి. 11 దేశాలే కాదన్నాయి. జాలి పేరుతో ఇవాళ ఒకరు సరిహద్దు దాటితే, రేపు అదే పేరు చెప్పి ఎవరైనా దాటవచ్చు కదా!

మరి తేల్చుకోవడం ఎలా? తర్వాత ఏం జరిగిందో చూడాలి. 1972 మార్చికల్లా మన సేనలు బంగ్లాదేశ్ నుంచి తిరిగివచ్చాయి. శరణార్థుల్లో అత్యధికులు ఇళ్లకు వెళ్లారు. 1978 డిసెంబరులో వియత్నాం కంబోడియాలో ప్రవేశించి పోల్ పాట్ దారుణ పాలనను కూల్చింది. కానీ దాని సేనలు 1989 దాకా అక్కడే ఉన్నాయి. మంచి ఉద్దేశం ఒక్కటే చాలదు కూడా. 1987లో శాంతి కోసం శ్రీలంక వెళ్లిన మన సేనలు అక్కడి పోరులో చిక్కుకుని, వెయ్యిమందికి పైగా జవాన్లను పోగొట్టుకుని, 1990లో వెనుదిరిగాయి.

స్వామికార్యంతోపాటు స్వకార్యం చూసుకోని రాజ్యం అరుదు. కాబట్టి మనసు స్వచ్ఛమా అని అడిగి ఊరుకోకూడదు. అక్కడి కష్టం నిజమేనా? వేరే దారులు వెతికారా? పని ముగియగానే తిరిగివచ్చారా? ఈ మూడూ అడగాలి. అలాంటి నిర్ణయం జరిగిన రోజున బయలుదేరవలసింది మీలో కొందరి అమ్మానాన్నలే. అడిగే హక్కు మీకు అందరికన్నా ఎక్కువే ఉంది.