తెరచాప స్తంభము: ఎత్తుట, దించుట

తెరచాప పడవను చూచువారికి గాలియు, నీరును, చాపయు కన్నులకు కట్టును గాని, ఆ చాపను మోయు స్తంభము అంతగా కనబడదు. అమరసింహుడు దీనిని గుణవృక్షకమనెను. గుణమనగా త్రాడు గనుక ఇది త్రాళ్ళ చెట్టు. ఉర్దూలో మస్తూల్ అందురు. నడినీటిలో గాలికి జంకువారు సైతము ఒడ్డున ఈ స్తంభమును ఎత్తునపుడు అజాగ్రత్తగా నుండుట కలదు. అందుచేత ఈ విషయమును కొంత వివరింపదలచితిమి.

మన హుస్సేన్ సాగరమున తిరుగు లేజర్ వంటి చిన్న పందెపు పడవలలో చిక్కు తక్కువ. స్తంభము రెండు ముక్కలుగా నుండును. వానిని ఒకదానిలో నొకటి దూర్చి, నిలువుగా ఎత్తి, పడవలోని గుంటలో దింపుదురు. బాలురు నడుపు ఆప్టిమిస్ట్ పడవలో, పడవ తలక్రిందులైనపుడు స్తంభము జారిపోకుండ త్రాటితోనో బిగింపుతోనో కట్టి ఉంచవలెను. ఇంతకంటె పెద్ద పడవలలో స్తంభము అడుగున కీలుండును. స్తంభము వెనుకకు పరుండి యుండగా, దానిని ముందుకు లాగి నిలుపవలెను. అసలు కష్టమిచ్చటనే యున్నది.

ఒక స్తంభము 7 మీటర్ల పొడవు, 25 కిలోల బరువు అనుకొందము. దాని భారమంతయు నడుమ, అనగా కీలుకు 3.5 మీటర్ల దూరమున నున్నట్లే. పరుండిన స్తంభమునకు త్రాడు కట్టి పడవ ముందు కొస నుండి లాగినచో, త్రాడును స్తంభమును ఇంచుమించు ఒకే గీతలో నుండును. ఎంత బలశాలియైనను అది లేవదు. కీలు మాత్రము నలుగును. కావున 2 మీటర్ల గడ నొకదానిని స్తంభము మొదట నిటారుగా నిలిపి, త్రాడును దాని కొన మీదుగా తీసికొని రావలెను. పడవ ముందు కొస కీలుకు 2 మీటర్ల దూరమున నున్నచో, తొలి లాగుడు సుమారు 62 కిలోలు. నాలుగు పేటలుగా గిలకలు అమర్చినచో అది 16 కిలోలకు దిగును. గిలకల ఒరిపిడికి మరికొంత చేర్చుకొనవలెను. స్తంభము లేచిన కొలది భారము తగ్గును.

దించునపుడు ఇదే లెక్క తిరుగబడును. మొదట స్తంభము దూదివలె తేలికగా తోచును. అరువది డిగ్రీల కోణమునకు వచ్చుసరికి భారము సగము మేలుకొనును, పరుండబోవు వేళకు పూర్తిగా మీద పడును. తొలి తేలికను నమ్మి ఒంటి చేతితో త్రాడు విడుచువానికి అరచేయి కాలును, లేదా స్తంభము వెనుకనున్న వాని తలపై కూలును. త్రాటిని కొక్కెమునకు ఒకటి రెండు చుట్లు త్రిప్పి, కొద్దికొద్దిగా సడలింపవలెను. స్తంభము పడు దారిలో ఎవరును నిలువరాదు.

ప్రక్క త్రాళ్ళ సంగతియు చెప్పవలెను. అవి పడవ అంచున కట్టబడు చోటు కీలుకు వెనుకగా నున్నచో, స్తంభము వాలగానే అవి వదులగును. అప్పుడొక చిన్న అల వచ్చినను స్తంభము ప్రక్కకు ఒరిగి కీలును విరుచును. కీలు వరుసలోనే, అదే ఎత్తున, ఇరువైపుల తాత్కాలికముగా త్రాళ్ళు కట్టినచో అవి ఆద్యంతము బిగువుగా నుండును.

ఇంగ్లండులోని నార్ఫోక్ కాలువలలో తిరిగిన వెర్రీ అను సరుకు పడవలవారు దీనిని చక్కగా సాధించిరి. స్తంభము మొదట బరువైన సీసమును కట్టి త్రాసువలె సమతూకము చేసిరి. అందుచేత ఒకరిద్దరే వంతెన ముందర దానిని వాల్చి, దాటిన పిదప మరల నిలుపగలిగిరి. 1898లో నిర్మింపబడిన ఆల్బియన్ అను అట్టి పడవను నేటికిని కాపాడుచున్నారు.

అన్నిటికంటె ముందు పైకి చూడవలెను. స్తంభము సాధారణముగా అల్యూమినియముది, త్రాళ్ళు ఉక్కువి. కరెంటు తీగను తాకినచో పడవను పట్టుకొని నేలపై నిలిచిన వానికే మొదటి దెబ్బ. అధిక విద్యుత్తు గల తీగయైనచో తాకకున్నను, దగ్గరకు పోయినంతనే ప్రమాదము. కావున తీగలు లేనిచోటనే స్తంభమును ఎత్తవలెను. ఎత్తిన స్తంభముతో పడవను బండిపై తీగల క్రిందుగా తరలింపరాదు. ఎవరికైన దెబ్బ తగిలినచో, విద్యుత్తు ఆపించువరకు ఆ పడవను గాని, ఆ మనిషిని గాని ముట్టరాదు.