పందెపు పడవల ఇంజనులు: గాలి, వేడి, బలము

కమ్మరి కొలిమిలో బొగ్గు ఎంత పోసినను తిత్తి ఊదనిదే ఇనుము ఎర్రబడదు. తిత్తి తెచ్చునది బొగ్గును కాదు, గాలిని మాత్రమే. పెట్రోలు ఇంజనునకును ఇదే న్యాయము వర్తించును. మిక్కిలి వేగముగా పోవు మరపడవల ఇంజనులలో ఈ తిత్తి పనిని చేయు యంత్రమునకు సూపర్‌ఛార్జరు అని పేరు.

ఇంజను బలము గాలిపై ఏల ఆధారపడును? ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 15 గ్రాముల గాలి కావలెను. పెట్రోలు ద్రవము కనుక సన్నని గొట్టము గుండా ఎంత కావలసిన అంత పంపవచ్చును. గాలి అట్లు కాదు. పిస్టను క్రిందికి దిగినపుడు సిలిండరులో ఎంత చోటు ఏర్పడునో అంత గాలి మాత్రమే లోనికి వచ్చును. దానికి మించి పెట్రోలు పోసినచో అది మండక వృథాగా పోవును. కావున అశ్వశక్తిని పెంచుటకు ముఖ్యముగా మూడు దారులు కలవు: సిలిండర్లను పెద్దవి చేయుట, ఇంజనును మరింత వేగముగా త్రిప్పుట, ఉన్న చోటులోనే ఎక్కువ గాలిని కూరుట. మొదటి దారిలో బరువు పెరుగును. రెండవ దారిలో ఇంజను వేగము రెట్టింపైనచో కదలెడు భాగములపై పడు బలము నాలుగు రెట్లగును. మూడవ దారియే సూపర్‌ఛార్జరు.

ఇంగ్లండులో రోల్స్-రాయిస్ వారు 1929లో ష్నైడర్ ట్రోఫీ విమాన పందెమునకై నిర్మించిన ‘ఆర్’ ఇంజను ఇందుకు చక్కని నిదర్శనము. దాని 12 సిలిండర్ల మొత్తము ఘనపరిమాణము 36.7 లీటర్లు. అంతే ఘనపరిమాణము గల వారి ‘బజ్జర్డ్’ ఇంజను బలము సుమారు 900 అశ్వశక్తి. ‘ఆర్’ ఇంజను 1929లో 1,900 అశ్వశక్తిని, 1931లో 2,300కు పైగా అశ్వశక్తిని ఇచ్చినది. ఇంజను వేగమును కొంత పెంచిరి. అయినను ఈ వృద్ధిలో పెద్ద భాగము సూపర్‌ఛార్జరుదే. ఈ ఇంజనులనే పిదప పందెపు పడవలలో అమర్చిరి.

దీని సూపర్‌ఛార్జరు ఒక రెక్కల చక్రము. ఇంజనే పళ్ళచక్రముల ద్వారా దీనిని తనకంటె అనేక రెట్లు వేగముగా త్రిప్పును. చక్రము గాలిని నడుమ నుండి పీల్చి అంచులకు విసరును. ఆ గాలి వేగము తగ్గునపుడు పీడనము పెరుగును. ‘ఆర్’ ఇంజనులో ఈ పీడనము వాతావరణ పీడనము కంటె చదరపు అంగుళమునకు సుమారు 18 పౌనుల వరకు హెచ్చుగా ఉండెడిది. వాతావరణ పీడనము 14.7 పౌనులు, రెండును కలిపిన 32.7. అనగా పీడనము సుమారు 2.2 రెట్లు.

అట్లయిన సిలిండరులోనికి 2.2 రెట్లు గాలి పోయినదా? పోలేదు. సైకిలు పంపుతో గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము వేడెక్కుట విద్యార్థులు ఎరిగినదే. నొక్కబడిన గాలి వేడెక్కును. వేడెక్కిన గాలి వ్యాకోచించును. సూపర్‌ఛార్జరు సామర్థ్యము నూటికి 70 అనుకొన్నచో, 27 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లోనికి వచ్చిన గాలి సుమారు 137 డిగ్రీల వద్ద వెలువడును. పరమ ఉష్ణోగ్రతలలో ఇది 300 నుండి 410కి పెరుగుట. 2.2ను 300తో గుణించి 410తో భాగించిన 1.6 వచ్చును. పీడనము 2.2 రెట్లయినను చేరిన గాలి 1.6 రెట్లు మాత్రమే. పైగా ఆ చక్రమును త్రిప్పుటకు ఇంజను తన బలములోనే కొంత వెచ్చింపవలెను.

వేడి వలన మరియొక ప్రమాదము కలదు. వేడిమిశ్రమము సిలిండరులో మరల నొక్కబడినపుడు, నిప్పురవ్వ రేపిన మంట వ్యాపించుటకు మునుపే, మిగిలిన భాగము తనంత తానే భగ్గుమనును. దీనినే నాకింగ్ అందురు. ఇది సాగినచో పిస్టనులకు చిల్లులు పడును. కావున ఇట్టి ఇంజనును నిర్మించువాని పని సగము గాలిని కూరుటయైన, మిగిలిన సగము వేడిని వెడలగొట్టుట.

ఇందుకు పలు ఉపాయములు కలవు. ‘ఆర్’ ఇంజనులో సంపీడన నిష్పత్తిని 6కు 1గా ఉంచిరి. కవాటముల కాడలను బోలుగా చేసి సోడియము నింపిరి. అది కరగి అటునిటు కదలుచు కవాటపు తలలోని వేడిని కాడకు చేర్చును. 1931లో ఇంధనముగా బెంజాలు, మిథైల్ ఆల్కహాలు, పెట్రోలు కలిపి, కొద్దిగా టెట్రాఇథైల్ సీసమును చేర్చిరి. మిథైల్ ఆల్కహాలు ఆవిరియగునపుడు సమాన భారము గల పెట్రోలు కంటె ఇంచుమించు మూడు రెట్లు వేడిని గ్రహించి, లోనికి వచ్చు గాలిని చల్లబరచును. వేసవిలో కొత్త కుండలోని నీరు చల్లబడుటకు కారణమైన సూత్రమే ఇది.

పడవకు ఒక సౌకర్యము కలదు: క్రింద ఉన్న చల్లని నీరు. నేటి వేగపు పడవలలో పెక్కింటి యందు సూపర్‌ఛార్జరుకును సిలిండర్లకును నడుమ, సరస్సునీరు పారు గొట్టముల పెట్టె ఒకటి ఉండును. వేడిగాలి దాని గుండా పోవుచు చల్లబడి చిక్కబడును. సముద్రమున నడుచు పడవలలో ఉప్పునీటికి త్రుప్పు పట్టని లోహములు వాడవలెను. పడవకు ఒక చిక్కు కూడ కలదు. అలపై ఎగిరినపుడు చోదకచక్రము నీటిని వీడును. భారము తొలగిన ఇంజను ఒక్క క్షణములో హద్దు మీరి తిరిగి విరిగిపోవచ్చును. కావున ఇంధనద్వారమును తక్షణమే మూయవలెను.

ఇంత బలము కూర్చిన పిదప వేగము బలమునకు అనుగుణముగా పెరుగునా? 1930 జూన్ 13న సర్ హెన్రీ సీగ్రేవ్ విండర్మియర్ సరస్సుపై రెండు ‘ఆర్’ ఇంజనులు గల ‘మిస్ ఇంగ్లండ్ 2’ను గంటకు 98.76 మైళ్ళ వేగముతో నడిపి ప్రపంచ రికార్డు స్థాపించెను. పిమ్మట అదే దినమున పడవ తలక్రిందులై, సీగ్రేవ్‌తో పాటు ఇంజనీరు హాలివెల్ కూడ మరణించెను. తేలుచున్న దుంగ పడవ అడుగునకు తగిలియుండునని భావించిరి. 1932లో రెండు ‘ఆర్’ ఇంజనులతోనే ‘మిస్ ఇంగ్లండ్ 3’ 119.81 మైళ్ళ వేగము నందుకొనెను. 1939లో సర్ మాల్కమ్ కాంబెల్ కోనిస్టన్ సరస్సుపై ‘బ్లూ బర్డ్ కె4’ను 141.74 మైళ్ళ వేగముతో నడిపెను. దానిలో ఉన్నది ఒకే ‘ఆర్’ ఇంజను!

ఇంజనులు సగమైనను వేగము పెరుగుటకు ముఖ్య కారణము పడవ ఆకారము. ‘కె4’ వేగమందుకొన్నపుడు ముందు ఇరుప్రక్కల రెండు చోట్లను, వెనుక ఒక చోటను మాత్రమే నీటిని తాకును. తాకు భాగము తగ్గిన నీటి నిరోధము తగ్గును. గాలిని కూరి, వేడిని వెడలగొట్టి సంపాదించిన ప్రతి అశ్వశక్తియు తుదకు నీటితో పోరవలసినదే. ఆ పోరాటమును తగ్గించు పడవ దొరకినపుడే ఇంజను నిర్మాత శ్రమ ఫలించును.