ఒకే సలహా, రెండు పుటలు: మెట్ట రైతు సమాచారానికి విభజన పరీక్ష

2016 ఖరీఫ్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలోని 175 మంది వేరుశనగ రైతులకు ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి తెలుగులో సంక్షిప్త సందేశాలు పంపాయి. జూన్ మొదట్లోనే విత్తే అలవాటున్న రైతులను ఆ నెల చివరి వారం వరకు ఆగమని వాటి సారాంశం. సగటున 30 శాతం అధిక దిగుబడి లభించినట్లు నిర్వాహకులు ప్రకటించారు. విస్తరణ శాస్త్రవేత్తకు మాత్రం మరొక ప్రశ్న మిగులుతుంది. తేదీ ఎంత సరైనదైనా, దానిని ఏ మాటలతో చెబితే ఎక్కువమంది పాటిస్తారు? ఈ ప్రశ్నకు దిగుబడి లెక్క సమాధానమివ్వదు.

వెబ్ సంస్థలు ఇందుకు విభజన పరీక్షను వాడుతున్నాయి. ఒకే పుటకు రెండు రూపాలు తయారుచేసి, వచ్చినవారిలో సగం మందికి ఒకటి, మిగిలినవారికి మరొకటి చూపి, కోరిన పని ఎందరు చేశారో లెక్కిస్తారు. ఇది మనకు కొత్తది కాదు. 1919లో రోథామ్‌స్టెడ్‌లో చేరిన ఫిషర్ పొలం మడులపై రూపొందించిన యాదృచ్ఛికీకరణ, పునరావృతి సూత్రాలే దీనికి మూలం. నంద్యాల పరిశోధన స్థానంలో శనగ రకాలను పక్కపక్క మడులలో పోల్చే విద్యార్థికి దీనిని ప్రత్యేకంగా నేర్పవలసిన పని లేదు. ఈ వారం ఒక పుట, వచ్చే వారం మరొకటి చూపడం పరీక్ష అనిపించుకోదు. నడుమ ఒక్క పదును వాన కురిస్తే చాలు, రెండవ పుటే మేలైనదిగా కనిపిస్తుంది. కనుక రెండూ ఒకే కాలంలో నడవాలి. ఎవరికి ఏది అన్నది లాటరీ నిర్ణయించాలి.

మార్పు ఒక్కటే ఉండాలి. "నమోదు చేసుకోండి" అన్న మీటకు బదులు "మీ మండలంలో విత్తే తేదీ చూడండి" అని పెట్టదలిస్తే, బొమ్మను ముట్టుకోరాదు. 2007 డిసెంబరులో ఒబామా ఎన్నికల ప్రచార పుటపై 24 కలయికలను ఒకేసారి పరీక్షించగా, "మరింత తెలుసుకోండి" అన్న మీట, కుటుంబ చిత్రం ఉన్న రూపంలో నమోదు 8.26 శాతం నుండి 11.6 శాతానికి పెరిగింది. అయితే వారికి మూడు లక్షల పైచిలుకు సందర్శకులు దొరికారు. మనకు దొరకరు.

అసలు చిక్కు ఇక్కడే. ప్రస్తుతం నూటికి పదిమంది నమోదు అవుతున్నారనుకొందాం. 5 శాతం సార్థకత స్థాయిలో, 80 శాతం శక్తితో, అది పదిహేనుకు పెరిగినదీ లేనిదీ తేల్చాలంటే ఒక్కొక్క పుటకు సుమారు 690 మంది కావాలి. పన్నెండుకు మాత్రమే పెరిగిందని తేల్చాలంటే సుమారు 3,850 మంది. దేవనకొండ వంటి 175 మందిని రెండుగా చీలిస్తే, పది శాతం ఇరవై ఆరుకు పెరిగితే తప్ప నమ్మకంగా ఏమీ చెప్పలేము. చిన్న నమూనాతో "తేడా లేదు" అని నివేదిక రాయడం మన విభాగాలలో తరచు కనిపించే తొందరపాటు. ఫలితాన్ని రోజూ చూస్తూ, అనుకూలంగా ఉన్న రోజున పరీక్ష ఆపివేయడం అంతకన్నా చెడ్డది. సంఖ్యను ముందే నిర్ణయించి, అది పూర్తయ్యేవరకు ఆగాలి.

పల్లెలో ఇంకొక ఇబ్బంది ఉన్నది. ఒకరి ఫోనుకు వచ్చిన పుటను టీ కొట్టు దగ్గర నలుగురు చూస్తారు. కాబట్టి లాటరీ రైతులకు కాక గ్రామాలకు వేయడం మేలు. కానీ ఒకే గ్రామంవారు ఒకే తీరున స్పందిస్తారు. గ్రామానికి 25 మంది, గ్రామాంతర్గత సహసంబంధం 0.05 అయితే నమూనా 2.2 రెట్లు పెరగాలి. అనగా 690 స్థానంలో సుమారు 1,500. పుటకు అరవై గ్రామాలు.

మీట నొక్కడమే ఫలితంగా భావించరాదు. విత్తనం నేలలో ఎప్పుడు పడినదో కొందరి పొలాలలోనైనా చూసి నమోదు చేయాలి. విత్తే తేదీ, విత్తన మోతాదు రెండు పుటలలోనూ ఒకటే కావాలి. వేరుశనగలో విత్తనమే పెద్ద ఖర్చు గనుక, పరీక్ష కొరకు ఏ రైతుకూ తక్కువ సలహా ఇచ్చే హక్కు మనకు లేదు. జూన్‌లో పత్తికొండ ఎర్రనేలల వేరుశనగ రైతుల వద్ద నెగ్గిన పుట, అక్టోబరులో జమ్మలమడుగు నల్లరేగడి శనగ రైతుల వద్ద నెగ్గుతుందని ముందుగా అనుకోరాదు. అక్కడ లాటరీ మళ్ళీ వేయవలసిందే.